చిరివేరు ఇంగ్లీషులో ఏమైందంటే

బందరు పక్క ఇసుక నేలల్లో దానంతటదే మొలిచే పిచ్చిమొక్క చిరివేరు. పటిక పట్టించిన బట్టని ఈ వేళ్ళతో కలిపి ఉడికిస్తే చక్కటి ఎరుపు తేలుతుంది. ఇలాంటి అద్దకం బట్టల బేరానికే 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు బందరులో దిగారు. బట్టని ‘చింట్జ్’ అన్నారు, అది హిందీ ఛీంట్. వేరుని ‘ఛే రూట్’ అన్నారు, అది తమిళుల చాయవేరు. మన మాట మాత్రం వాళ్ళ నోట పడలేదు, చూశారా! అందులో ఉండే రంగు పదార్థం అలిజరిన్. 1869లో జర్మన్లు దాన్ని తారునుంచి తీసే పద్ధతికి పేటెంట్ తెచ్చుకున్నారు. ఇక వేళ్ళు తవ్వేవాళ్ళతో పనేముంది? పెడన కలంకారీ ఎరుపు కూడా ఇప్పుడు అలిజరినే.

మా అత్తగారిది దివిసీమ. ఎర్ర అద్దకం చీర కనిపిస్తే ఇప్పటికీ “చిరివేరు రంగు” అంటారు. మొక్క చూపించమంటే, ఆవిడా చూడలేదట.