పిచికారీ కాంక్రీటు ఈత కొలను

నేలను తవ్వి, గోతిలో ఇనుప ఊచల వల అమర్చి, దానిపై గాలి ఒత్తిడితో కాంక్రీటును చిమ్మి నిర్మించే కొలనును పిచికారీ కాంక్రీటు ఈత కొలను అంటారు. లోపలివైపు చెక్క అచ్చులు అవసరం లేనందున దీనిని ఏ వంపులోనైనా మలచవచ్చు.

చరిత్ర

ఈ పద్ధతి కొలనుల కోసం పుట్టినది కాదు. జంతువుల చర్మాలతో సజీవమనిపించే బొమ్మలు చేయడంలో ప్రసిద్ధుడైన అమెరికా శిల్పి కార్ల్ ఏక్లీ, చికాగోలోని ఫీల్డ్ మ్యూజియం గోడలకు పూత వేయడానికి 1907 ప్రాంతంలో సిమెంటు తుపాకీని రూపొందించాడు. 1911లో దానికి పేటెంటు లభించింది. అది చిమ్మే పదార్థానికి గనైట్ అన్న వ్యాపారనామం ఏర్పడింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత కాలిఫోర్నియాలోని పెరటి కొలనులతో ఇది విరివిగా వ్యాపించింది.

నిర్మాణం

పొడి పద్ధతిలో సిమెంటు, ఇసుక గొట్టం గుండా వచ్చి దాని మూతి వద్ద నీటితో కలుస్తాయి. నీరు ఎంత కలవాలో నిర్ణయించేది మూతి పట్టిన పనివాడే. కనుక కొలను మన్నిక చాలావరకు అతని నేర్పుపై ఆధారపడుతుంది. తడి పద్ధతిలో కాంక్రీటును ముందే కలిపి పంపిస్తారు. ఏ పద్ధతిలోనైనా ఊచల వెనుక ఖాళీ మిగలరాదు. మిగిలితే నీరు చేరి ఊచలు తుప్పు పడతాయి. గోడకు తగిలి ఎగిరిపడే రాలుడులో ఇసుక ఎక్కువ, సిమెంటు తక్కువ. దానిని పారవేయాలి. కూలీ, సరుకు కలిసివస్తాయని దానితోనే మెట్లు, మూలలు నింపితే అక్కడ గట్టిదనం ఉండదు. చిమ్మిన తరువాత కనీసం వారం రోజులు తడపాలి.

భూగర్భజలం పైపైనే ఉన్నచోట, ఖాళీ చేసిన కొలను పడవవలె పైకి తేలగలదు. బయటి నీటిని లోనికి వదిలే కవాటాన్ని అడుగున అమర్చేది ఇందుకే.