పరాయి దేశంలో బాబాసాహెబ్ స్నేహితులు

విదేశీ చదువుల స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపించుకోవడానికి పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ళ సందేహాలన్నీ ఫీజు, వీసా, బ్యాంకు కాగితాల గురించే. వెంట వచ్చే తల్లులది మాత్రం ఒకటే ప్రశ్న: "అక్కడ మా పిల్లకి తోడెవరుంటారు సార్?" లా పీజీ చదవడానికి వెళ్తున్న ఒక అమ్మాయి తల్లి ఇలాగే అడిగితే, "అక్కడా మనవాళ్ళు చాలామంది ఉంటారులేమ్మా" అనేశాను. ఆమె నా ముఖంలోకి చూసి, "మనవాళ్ళంటే ఎవరు సార్?" అంది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇంటికి వచ్చాక బాబాసాహెబ్ విద్యార్థి జీవితాన్ని మళ్ళీ తిరగేశాను. ఆయన డిగ్రీల జాబితా మనలో చాలామందికి కంఠస్థమే. ఆ డిగ్రీలకు తోడుగా నిలిచిన స్నేహాల గురించి మనం చెప్పుకునేది తక్కువ.

1913 జులైలో 22 ఏళ్ళ భీమ్‌రావ్ న్యూయార్క్‌లో దిగారు. బరోడా సంస్థానం ఇచ్చే నెలకు పదకొండున్నర పౌన్ల స్కాలర్‌షిప్, అదీ మూడేళ్ళకు. కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. మొదట హార్ట్‌లీ హాల్ అనే వసతి గృహంలో ఉన్నారు. అక్కడి తిండి సరిపడలేదు. కొంతకాలం కాస్మోపాలిటన్ క్లబ్‌లో ఉండి, చివరికి లివింగ్‌స్టన్ హాల్‌కు మారారు. ఆ వసతి గృహంలో ఆయనతో ఉన్నవాడు నావల్ భతేనా అనే పార్సీ యువకుడు.

ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ ఆ గదిలోకి వచ్చిన మనిషి బడిలో ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చున్నవాడు. నౌకరు వచ్చి కుళాయి తిప్పితేనే దాహం తీరినవాడు. నౌకరు రాని రోజు నీళ్ళు లేని రోజే. అలాంటివాడికి ఇంకొకరితో సమానంగా ఒకచోట నిద్రలేవడం, ఒక బల్ల దగ్గర తినడం, వాదించుకోవడం, నవ్వుకోవడం కొత్త. అమెరికా, ఇంగ్లండుల్లో గడిపిన ఆ ఏళ్ళలో తాను అంటరానివాడినన్న స్పృహే తన మనసులోంచి తుడిచిపెట్టుకుపోయిందని ఆయనే తర్వాత రాసుకున్నారు.

1916లో లండన్ వెళ్ళారు. అక్కడ అర్థశాస్త్రంతో పాటు న్యాయశాస్త్రం కోసం ఆ నవంబరులో గ్రేస్ ఇన్‌లో చేరారు. బారిస్టర్లను తయారుచేసే నాలుగు ఇన్‌లలో అది ఒకటి. వాటి అప్పటి పద్ధతి మన లా కాలేజీలకు కొత్తగా ఉంటుంది. అక్కడ పరీక్షలు ప్యాసైతే చాలేది కాదు. ప్రతి టర్మ్‌లో కొన్ని రాత్రులు ఇన్ హాలుకు వెళ్ళి భోజనం చేసి తీరాల్సి వచ్చేది. అలా పన్నెండు టర్మ్‌లు పూర్తి చేస్తేనే బారిస్టర్ పట్టా దక్కేది. భోజనానికి నలుగురేసి ఒక జట్టుగా కూర్చునేవారు. కొత్త విద్యార్థికి పరిచయాలు మొదలయ్యేది అక్కడే.

గాంధీ కూడా ఇన్నర్ టెంపుల్ అనే ఇన్‌లో అలాగే భోజనాలు చేసి 1891లో బారిస్టర్ అయ్యారు. నలుగురి జట్టుకు రెండు సీసాల వైన్ ఇచ్చేవారట. తాను తాగడు కాబట్టి ఆ రెండూ మిగతా ముగ్గురికే దక్కుతాయని, తనను జట్టులో చేర్చుకోవడానికి అందరూ పోటీపడేవారని ఆయన ఆత్మకథలో సరదాగా రాశారు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. సముద్రం దాటి వెళ్తున్నందుకు గాంధీని ఆయన కులపెద్దలు 1888లో వెలివేశారు. పుట్టుకతోనే వెలి అయిన బాబాసాహెబ్‌కు పదిమందితో ఒకే బల్ల దగ్గర కూర్చుని తినడం సముద్రం దాటాకే సాధ్యమైంది. ఒకరికి కులం పోగొట్టిన ప్రయాణమే ఇంకొకరికి కులం నుంచి ఊపిరి ఇచ్చింది. మన దేశంలో సహపంక్తి భోజనం కోసం ఉద్యమాలు నడపాల్సి వస్తే, అక్కడ లా చదివేవాడికి అప్పట్లో అది తప్పనిసరి హాజరు.

కానీ బల్ల దగ్గర కలిసి తిన్నంత మాత్రాన స్నేహం అయిపోదు. ఆ సంగతి 1917లో తేలింది. స్కాలర్‌షిప్ గడువు ముగియడంతో చదువు మధ్యలో ఆపి, నాలుగేళ్ళలోగా తిరిగొచ్చి పూర్తి చేసుకునే అనుమతితో ఆయన స్వదేశం చేరారు. ఒప్పందం ప్రకారం ఉద్యోగానికి బరోడా వెళ్ళారు. ఉండటానికి ఎవరూ చోటివ్వలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు పెట్టుకుని, రోజుకు రూపాయిన్నర అద్దెతో దిగారు. పదకొండో రోజు ఉదయం డజను మంది పార్సీలు కర్రలతో వచ్చి నిలదీశారు. సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. ఊళ్ళో ఆయనకు ఇద్దరు స్నేహితులున్నారు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. హిందూ మిత్రుడు, నువ్వొస్తే మా నౌకర్లు మానేస్తారన్నాడు. క్రైస్తవ మిత్రుడు, రేపు మా ఆవిడ వస్తోంది, ఆమెను అడిగి చెప్తానన్నాడు. రైలు రాత్రి తొమ్మిదికి. ప్రపంచంలోని రెండు గొప్ప విద్యాలయాల్లో చదివిన మనిషి అప్పటిదాకా కామాఠీ బాగ్‌లో కూర్చుని కన్నీళ్ళు పెట్టుకున్నారు.

ఈ ఘట్టాన్ని మనం కులం క్రూరత్వానికి నిదర్శనంగా చెప్పుకుంటాం. అది నిజమే. నేను ఇందులో ఇంకొకటి చూస్తున్నాను. కర్రలు పట్టుకుని వచ్చినవాళ్ళు పార్సీలు. న్యూయార్క్‌లో తోడున్న నావల్ భతేనా కూడా పార్సీయే. హిందువుకు అంటరానివాడైనవాడు పార్సీకి కూడా అంటరానివాడేనని ఆ రోజు తనకు తెలిసొచ్చిందని బాబాసాహెబ్ రాశారు. అయినా ఆ కోపాన్ని నావల్ మీద చూపలేదు. సమూహాన్ని చూసి మనిషిని కొలవలేదు. మనిషిని చూసి సమూహాన్ని క్షమించనూ లేదు. రెండింటినీ విడివిడిగా ఉంచగలగడమే ఆయన గొప్పతనం.

నావల్ కూడా ఆ నమ్మకాన్ని నిలబెట్టుకున్నాడు. బాబాసాహెబ్ సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా పనిచేసి జీతంలో కొంత కూడబెట్టారు. కొల్హాపూర్ షాహూ మహారాజ్ కొంత సాయం చేశారు. అదీ చాలలేదు. అప్పుడు 5,000 రూపాయలు అప్పిచ్చినవాడు నావల్. ఆ డబ్బుతో 1920లో మళ్ళీ లండన్ చేరి, గ్రేస్ ఇన్‌లో ఆగిపోయిన చదువును అందుకున్నారు. పగలంతా బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలో, రాత్రి అరకొర తిండితో గదిలో చదువు. బొంబాయి పరిచయస్తుడొకరు ఇచ్చిన అప్పడాలు కాల్చుకుని, కప్పు పాలతో ఆకలి చంపుకున్న రాత్రులున్నాయి. గదిలో తోడున్న అస్నోడేకర్ అనే విద్యార్థి ఇంక పడుకోమని పోరుతుంటే, నిద్రపోవడానికి తనకు డబ్బూ లేదు, సమయమూ లేదన్నట్టు జవాబిచ్చేవారు. 1922లో బారిస్టర్ అయ్యారు.

1923లో బొంబాయి తిరిగొచ్చారు. పట్టా ఉంది. కోర్టులో నిలబడాలంటే సనదు కావాలి. దానికి కట్టాల్సిన డబ్బు చేతిలో లేదు. మళ్ళీ నావలే ఆదుకున్నాడు. ఆ సనదుతో ప్రాక్టీసు మొదలుపెడితే, అంటరాని బారిస్టరుకు కేసులిచ్చే సొలిసిటర్లు కరువు. అయినా నిలదొక్కుకున్నారు. 1927లో మహాద్ చవదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టారు. దాని మీద అగ్రవర్ణాలవారు వేసిన దావాలో ఒకటో ప్రతివాది బాబాసాహెబే. 1937లో బొంబాయి హైకోర్టు మన పక్షాన తీర్పు చెప్పింది. ఈ న్యాయవాద జీవితం వెనుక ఒక విద్యార్థి వసతి గృహంలో మొదలైన స్నేహం ఉంది.

నేను లా చదివిన రోజుల్లో నాకొక మిత్రుడుండేవాడు. నా నోట్సే అతని నోట్సు. ఒకసారి సెలవుల్లో వాళ్ళ ఊరు వెళ్తే అరుగు మీదే కూర్చోబెట్టి, మంచి చెడ్డా మాట్లాడి పంపించాడు. లోపల్నుంచి వంట వాసన వస్తూనే ఉంది. నాకు కోపం కన్నా అతని మీద జాలే ఎక్కువ కలిగింది. హాస్టల్లో ఉన్న స్నేహం అతని ఇంటి గడప దాకా రాలేకపోయింది.

ఇవాళ అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి వంటి పథకాలతో మన పిల్లలు ఆ గడపలూ దాటుతున్నారు, సముద్రాలూ దాటుతున్నారు. కులం కూడా అదే విమానం ఎక్కుతోంది. అక్కడ తెలుగు పిల్లలు నలుగురు కలిస్తే మొదట అడిగేది పేరు, తర్వాత ఊరు, ఆ తర్వాత ఇంటిపేరు. ఆ మూడో ప్రశ్న ఎందుకో మనకు తెలుసు. అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో కుల వివక్షను తమ నిషేధాల్లో చేర్చాయి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం చట్టమే చేసింది. జబ్బు లేనిచోట మందు కనిపెట్టరు కదా.

కనుక వెళ్ళే పిల్లలకు నేను చెప్పేది ఇది. ఇంటిపేరు దాచుకోకండి. బరోడా సత్రంలో మారుపేరు పదకొండు రోజులే కాపాడింది. దాచిన పేరు మీద కట్టిన స్నేహం కూడా అలాంటి సత్రమే. అలాగని మన పేటవాళ్ళ కోసమే వెతుక్కుంటూ గదిలో కూర్చోకండి. మూట్ కోర్టు జట్టులో చేరండి. కేసులు కలిసి చదివే గుంపులో కూర్చోండి. కెన్యా నుంచి వచ్చినవాడితో, బ్రెజిల్ నుంచి వచ్చినదానితో వంట పంచుకోండి. అప్పు అవసరమైతే అడగడానికి సిగ్గుపడకండి. బాబాసాహెబ్ కూడా అడిగారు. అంతకన్నా ముఖ్యంగా, మీ తర్వాత వచ్చే పిల్లకు మీరే నావల్ భతేనా కండి.

మంచి స్నేహం ధమ్మజీవనంలో సగమని ఆనందుడంటే, సగం కాదు, మొత్తం అదేనని బుద్ధుడు సరిదిద్దాడు. కళ్యాణమిత్రుడంటే మన కులంవాడో, మన భాషవాడో కాదు. మనం తిరిగొచ్చి కామాఠీ బాగ్‌లో ఒంటరిగా కూర్చోవలసిన రోజున తలుపు తీసేవాడు.

ఆ తల్లి మళ్ళీ కనిపిస్తే ఈసారి తడుముకోను. "మనవాళ్ళంటే, నీ కూతురి ఇంటిపేరు విన్న తర్వాత కూడా పక్కన కూర్చుని తినేవాళ్ళమ్మా. వాళ్ళు ఏ దేశంలోనైనా ఉంటారు. వెతుక్కోమని చెప్పు" అంటాను.

జై భీమ్.