షార్జా మజిలీ: ఒక చిన్న చిత్రపు గుణదోషములు

కాశీమజిలీ కథలు విని పెరిగిన తెలుగువారికి మజిలీ యన్న మాట చెవిని బడగానే కథ యొకటి వినవలెనను ఆశ పుట్టుట సహజము. అరబ్బు ఎమిరేట్లలోని షార్జా నగరమధ్యమున నేడు ప్రదర్శనశాలగా నిలిచియున్న పాత విమానాశ్రయమును అచ్చటివారు 'అల్ మహత్తా' యందురు. ఆ పదమునకు మన నుడిలో సరియైన మాట మజిలీయే. ఈ మజిలీకిని ఒక కథ కలదు. దానిని 1937లో ఆంగ్లేయులు స్వల్పసాధనములతో, ఇంచుమించు పావుగంట నిడివిలో, 'ఎయిర్ ఔట్‌పోస్ట్' అను చలనచిత్రముగా తీసిరి. ఆ చిత్రమునందు మెచ్చదగినవియు, మన్నింపరానివియు రెండును కలవు. అవి ఎక్కడినుండి పుట్టినవో తెలిసికొనవలెనన్న ముందుగా ఆ మజిలీ పుట్టుక తెలియవలెను.

లండనునుండి భారతదేశమునకు తపాలాను, ప్రయాణికులను మోయుచుండిన ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానములు తొలుత పారసీక తీరము వెంట నెగురుచుండెను. పారసీక ప్రభుత్వము అనుమతిని కొనసాగింప నిరాకరించుటచే ఆ కంపెనీ 1932లో అరబ్బు తీరమును ఆశ్రయింపవలసి వచ్చెను. అప్పటికి ఆ తీరము దుర్దశలో నుండెను. జపానువారు పెంపకముచే పండించిన ముత్యములును, లోకమంతట వ్యాపించిన ఆర్థికమాంద్యమును ఏకమై, తరతరములుగా కడలిలో మునిగి ముత్యపుచిప్పలు తెచ్చి బ్రతికిన కుటుంబముల నోటికాడి కూడు తీసివేసినవి. అట్టి దినములలో షార్జా పాలకుడు షేక్ సుల్తాన్ బిన్ సఖర్ అల్ ఖాసిమీ, అయినవారిలోనే కొందరు వలదనుచున్నను, నెలకు 800 రూపాయల అద్దెకును, తనకు వేరుగా 500 రూపాయల భృతికిని ఒడంబడి, ప్రయాణికులు రాత్రి తలదాచుకొనుటకు కోటవంటి విడిదిని కట్టించెను. ఆ తీరమున నాడు చెల్లుచుండినది మన రూపాయియే.

5 అక్టోబరు 1932న తొలి విమానము అచ్చట దిగెను. పదిదినములకు, అక్టోబరు 15న, జె. ఆర్. డి. టాటా కరాచీలో తపాలా సంచులను ఎక్కించుకొని బొంబాయికి ఎగిరెను. అచ్చటినుండి వైమానికుడు నెవిల్ విన్సెంట్ ఆ సంచులను బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చెను. లండనులో వేసిన యుత్తరము షార్జా ఇసుకపై ఒక రాత్రి నిదురించి మద్రాసులోని తెలుగువాని వాకిట వ్రాలు కాలము అట్లు ప్రారంభమయ్యెను.

ఈ మార్గమును లోకమునకు చాటి ప్రయాణికులను ఆకర్షించుటకై కంపెనీ స్ట్రాండ్ ఫిల్మ్ సంస్థచే చిత్రములు తీయించెను. వానిలో 'ఎయిర్ ఔట్‌పోస్ట్'నకు దర్శకులు జాన్ టేలర్, రాల్ఫ్ కీన్. సంగీతము విలియం ఆల్విన్‌ది. కథానాయకుడు లేడు, తారలు లేరు, కట్టుడు సెట్టులు లేవు. ఒక పగలును, ఒక రాత్రియు గడచుటయే ఇతివృత్తము: తుపాకులు పట్టిన షేక్ కావలివారు, ఊరి బజారు, విమానము రాకకై సన్నాహము, రెండంతస్తుల రెక్కలతో గంటకు ఇంచుమించు నూరుమైళ్ల వేగముతో వచ్చు ఆ భారీ లోహవిహంగము దిగుట, ప్రయాణికుల భోజనము, నిద్ర, మరల ప్రస్థానము.

గుణమంతయు ఇందే యున్నది. మరుసటి యేట, 1938లో, అలెగ్జాండర్ కోర్డా సంస్థ 'ది డ్రమ్' అను సాహసచిత్రమును రంగులలో, మన మైసూరు బాలుడు సాబూను ముందు నిలిపి, ధారాళమైన వ్యయముతో నిర్మించి, కొంతవరకు వేల్సు కొండలకే వాయవ్య సరిహద్దు ప్రాంతపు వేషము వేసి చూపెను. బొంబాయి, మద్రాసు నగరములలో జనులు దానిని నిరసించిరి. ధనమున్నవాడు కొండలనైనను కల్పింపగలడు. ధనము లేనివాడు ఎదుట నున్నదానిని చూడక తప్పదు. షార్జాను షార్జాగానే చూపవలసి వచ్చిన ఆ లేమియే నేటి చరిత్రకారునకు కలిమి యైనది. చమురు సంపద రాకమునుపటి ఆ ఊరి గోడలు, ఆ నడకలు, ఆ పనిపాటలు చలించుచు కనబడు చోట్లు మిక్కిలి అరుదు.

దోషమునకు మూలము వేరు. చిత్రమునకు సొమ్మిచ్చినది కంపెనీ. కనుక కన్నును కంపెనీదే. విమానము వచ్చుట గొప్ప సంఘటనగా, ఊరు దానికి వెనుక తెరగా అమరినవి. కావలివానికి పేరు లేదు. కోటకు అద్దె ఏల కుదిరెనో, ముత్యపు పడవలు ఒడ్డున ఏల ఎండుచున్నవో ఆ కథలో భాగము కాదు. ఆల్విన్ సంగీతము ఇంపైనదే, కాని అది లండను వాద్యబృందపు సంగీతము. ముత్యపు పడవలపై తెడ్లకు తాళము కలుపుచు పాడిన 'నహ్హామ్' గాయకుని గొంతు ఆ కథను నడిపింపదు. కావున ఆ చిత్రము సాధనలోపముచే చెడలేదు, దృష్టిలోపముచే కొరవడినది.

1945లో అదే ఆవరణమున, బ్రిటిషు వైమానిక దళపు స్థావరములో, ఆరుబయట సినిమా ఆడనారంభించెను. ఆ దేశమున సినిమాప్రదర్శనకు అదియే నాంది. 1971లో ఆ దళము వెడలిపోయెను. 1977లో విమానములును క్రొత్త విమానాశ్రయమునకు తరలినవి. పాత పరుగుబాట నేడు కింగ్ అబ్దుల్ అజీజ్ వీథిలో కలిసిపోయినది. కరీంనగరమునుండియు, గోదావరి మండలములనుండియు వచ్చిన మనవారు, అది ఒకప్పుడు విమానములు దిగిన నేల యని యెరుగకయే, పని ముగించుకొని ఆ దారిన నడచుచుందురు.

వారికి నా విన్నపమొకటి. సెలవునాడు అల్ మహత్తాకు పోయి, అచ్చట నిలిపియున్న డకోటా విమానమును చూచిన పిమ్మట, ఆ పాత చిత్రమును తప్పక చూడుడు. చూచునప్పుడు విమానమును విడిచి, దాని ప్రక్క నిలిచిన పేరులేని కావలివానివైపు చూపు నిలుపుడు. పరదేశమున మన కూలీలు నిదురించు గదులును, ఎదురుచూచు వాకిళ్లును మరియొకనాడు చరిత్ర కాబోవుచున్నవి. వానిని చిత్రించుటకు గొప్ప ధనము అక్కరలేదని ఆ పావుగంట చాటుచున్నది. కన్ను మాత్రము మనదే కావలెను, అందరి పేర్లును చెప్పవలెను.