బస్తా బరువు, నడుము లెక్క

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల సంపదంతా ఏదో ఒక దశలో మనిషి వీపు మీదుగానే బయటికి పోయింది. 1920ల చివర్లో బెల్లంపల్లిలో మొదలై 1960ల నాటికి గోదావరిఖనికి చేరిన బొగ్గు, ఆదిలాబాద్, జమ్మికుంట మార్కెట్ల పత్తి, కాకతీయ కాలువ పారాక ఏటికేడు పెరిగిన వడ్లు, అన్నీ అంతే. ఇప్పుడు నడుముకు దన్నుగా ఒంటికి తొడుక్కునే చట్రాలు వచ్చాయి. ఎక్సోస్కెలిటన్లంటున్నారు. హైదరాబాద్‌లోని స్వాయా రోబోటిక్స్ డీఆర్‌డీవో ప్రయోగశాలలతో కలిసి సైనికుల కోసం ఒకటి రూపొందించినట్టు 2022లో వార్తలొచ్చాయి. మరి హమాలీకి ఎప్పుడని అడగడం సహజమే. కానీ ఈ జిల్లాల గతం చూస్తే, మోసే మనిషికి ఊరట దొరికిన ప్రతిసారీ మారింది బరువో, పని పద్ధతో, కూలి లెక్కో. ఒంటికి ఏదో తగిలించినందువల్ల బతుకు తేలికైన సందర్భం కనబడదు.

సింగరేణి గనుల్లో బొగ్గు మోసే పనిని ‘తట్టా చెమ్మస్’ అనేవారు. పేల్చిన బొగ్గును చెమ్మస్‌తో, అంటే పారతో, తట్టకెత్తి, తట్టను మోసుకెళ్లి టబ్బులో పోయడం ఫిల్లర్ పని. టబ్బు నిండితేనే లెక్క. టబ్బులు అందకపోతే చేతులు ఖాళీ, అందితే ఊపిరి సలపదు. నడుము నొప్పి ఆ లెక్కలో ఎక్కడా పడదు. తర్వాతి దశాబ్దాల్లో బొగ్గునెత్తి పోసే ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు దిగి క్రమంగా తట్టను తప్పించాయి. వాటిని తెచ్చింది ఉత్పత్తి కోసం, ఖర్చు కోసం. నడుముకు కలిగిన మేలు పక్కదారిన వచ్చిందే. అయినా అది నిజమైన మేలు. దానికి చెల్లించిన ధరా నిజమే. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి ఉద్యోగుల సంఖ్య ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉంది. ఓపెన్‌కాస్టులు సహా కారణాలు చాలా ఉన్నా, యంత్రం పేరు చెబితే కార్మికుడు ఎందుకు ఉలిక్కిపడతాడో అర్థం చేసుకోవడానికి ఈ అంకె చాలు.

మార్కెట్‌ యార్డుల కథ వేరు. అక్కడ యంత్రం రాలేదు, బస్తా చిన్నదైంది. ఒకప్పుడు గోనె సంచి అంటే క్వింటాలు. మనిషి ఎత్తే బరువు 55 కిలోలు దాటితే తగ్గించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. ఆ ఏడాది చేసిన ఒప్పందాన్ని మన దేశం ఆమోదించింది మాత్రం 2010లో. గాయం చేసేంత బరువు ఎత్తించరాదని 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 34వ సెక్షన్ అంతకుముందే చెప్పింది, గానీ యార్డు ఫ్యాక్టరీ కాదు కదా! ఏమైతేనేం, బియ్యం సంచి 50 కిలోలకు దిగింది, కొనుగోలు కేంద్రంలో వడ్ల బస్తా 40 కిలోలకు వచ్చింది. బరువు తగ్గితే వంగాల్సిన సార్లు పెరుగుతాయి, మొత్తం టన్నులు అవే కదా అని వాదించవచ్చు. వాదనలో పస ఉంది. అయితే క్వింటాలు బస్తా ఒక్కసారి కాలు జారితే మనిషిని జీవితాంతం కూర్చోబెట్టగలదు. నలభై కిలోలది అలసటనిస్తుంది, ఆ అలసటను విరామంతోనో, ముఠాలో ఒకరిని పెంచో సర్దుకునే వీలుంది.

చట్రం ఇక్కడ ఎలా పనిచేస్తుందో కొంచెం దగ్గరగా చూడాలి. ఇద్దరు బస్తాను నాలుగు మూలలా పట్టి లేపుతారు. మూడోవాడు వంగి తిరిగి నిలబడి దాన్ని మెడ వెనక, భుజాల మీద దించుకుని, లారీకి వేసిన చెక్క మీదుగా ఎక్కుతాడు. చట్రం పట్టీలు ఉండేదీ సరిగ్గా అక్కడే. విదేశీ గోదాముల్లో పెట్టెను ముందునుంచి వంగి ఎత్తేవాడికి, స్ప్రింగుతో సాయపడేలా తయారైన వస్తువిది. అలాంటి పనిలో వీపు కండరాల శ్రమ 10 నుంచి 40 శాతం దాకా తగ్గిందని 2016లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. కాదనలేం. కానీ యాసంగి వడ్లు యార్డుకొచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. రామగుండం ఎండలో బనియనే బరువనిపించేవాడికి తొడలకు, ఛాతీకి పట్టీలు బిగించమనడం తేలిక కాదు. కూలి బస్తా లెక్కన ఉన్నంతకాలం, మిగిలిన శక్తి విశ్రాంతిగా మారదు, మరిన్ని బస్తాలవుతుంది. అమెరికాలో నడుం బెల్టులదీ ఇలాంటి కథే. దుకాణ సిబ్బంది మీద జరిపి 2000లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో బెల్టు పెట్టుకున్నవారికి నడుము గాయాలు తగ్గిన దాఖలా దొరకలేదు.

యంత్రం పని పోగొడుతుంది, చట్రం మనిషిని పనిలోనే ఉంచుతుంది కదా అన్నది దాని తరఫున చెప్పగల బలమైన మాట. కాంటా దగ్గర పొద్దంతా వంగి సంచులు నింపేవారికి, మూతులు కుట్టేవారికి అది నిజంగానే పనికిరావచ్చు. వీపు మీద మోత లేని పనులవి. అప్పుడు మిగిలేది కొనేదెవరన్న ప్రశ్న. 2020 మేలో, లాక్‌డౌన్ మధ్యలో, రైస్‌మిల్లుల కోసం బిహార్‌లోని ఖగడియా నుంచి ప్రత్యేక రైల్లో రెండు వందల మందికి పైగా హమాలీలను రప్పించి కరీంనగర్, పెద్దపల్లి, మంచిర్యాల వంటి చోట్లకు పంపారు. అంతగా అవసరమైన నడుముకు యజమాని ఎవరో మాత్రం తేలదు. మిల్లరా, మార్కెట్ కమిటీయా, చాలాచోట్ల హమాలీ ఖర్చు భరిస్తున్న రైతా? పెన్‌గంగ అవతల మహారాష్ట్రలో 1969 నాటి మాథాడి చట్టం కింద బోర్డులు యజమానుల దగ్గర కూలితో పాటు లెవీ వసూలు చేసి కార్మికుల భవిష్య నిధి, గ్రాట్యుటీ చూస్తాయి. మన దగ్గర ముఠా, జట్టు, హమాలీ కార్మికుల చట్టం 1976లోనే వచ్చినా, సంక్షేమ బోర్డు కావాలని హమాలీ సంఘాలు ఇంకా ధర్నాలు చేస్తూనే ఉన్నాయి.