బిల్డ్ సర్వర్ తన చరిత్రను ఎక్కడ దాచుకుంది

లినక్స్ మెషీన్ మీద కంటిన్యువస్ ఇంటిగ్రేషన్ సర్వర్ పెట్టేటప్పుడు ఎక్కువ శ్రద్ధ అడిగేది సర్వర్ కాదు, దాని వెనక ఉండే డేటాబేస్. మొదట్లో ఈ బెడద లేదు. ఈ సర్వర్లు పుట్టిన కాలంలో వాటికి డేటాబేస్ అక్కర్లేదు. అది ఎందుకు వచ్చిపడిందో తెలిస్తే, ఇవాళ ఇన్‌స్టలేషన్‌లో టైపు చేసే ఒక్కో కమాండుకూ కారణం దొరుకుతుంది.

కంటిన్యువస్ ఇంటిగ్రేషన్ అన్న మాటను 1990ల మొదట్లోనే గ్రేడీ బూచ్ వాడారు. దాన్ని రోజువారీ అలవాటుగా మార్చింది మాత్రం క్రైస్లర్ కంపెనీ జీతాల లెక్కల ప్రాజెక్టులో రూపుదిద్దుకున్న ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్, దాన్ని నడిపించిన కెంట్ బెక్. ఎవరి కోడ్ వాళ్ల దగ్గరే వారాల తరబడి ఉంచుకోకూడదు, రోజూ కలపాలి, కలిపిన ప్రతిసారీ టెస్టులన్నీ నడవాలి. 2000లో మార్టిన్ ఫౌలర్, మాథ్యూ ఫోమెల్ రాసిన వ్యాసం ఈ పద్ధతిని నలుగురికీ తెలిపింది. మరుసటి ఏడాది థాట్‌వర్క్స్ నుంచి క్రూయిజ్ కంట్రోల్ వచ్చింది. బిల్డ్ అయిన ప్రతిసారీ అది ఒక ఎక్స్ఎంఎల్ లాగ్ ఫైలు రాసి ఫోల్డర్‌లో పడేసేది. దాని చరిత్రంతా ఆ ఫోల్డరే.

సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేస్తూ కొహ్సుకే కవాగుచి 2004లో మొదలుపెట్టిన హడ్సన్ కూడా ఇదే దారి పట్టింది. జావా ఉంటే చాలు, ఒక్క వార్ ఫైలును ఒక్క కమాండుతో నడిపితే 8080 పోర్టులో సర్వర్ లేచేది. జాబులు, వాటి ఫలితాలు అన్నీ హోమ్ ఫోల్డర్‌లో ఎక్స్ఎంఎల్ ఫైళ్లుగా ఉండేవి. కొత్త మెషీన్‌కు మారాలంటే ఆ ఫోల్డర్‌ను కాపీ చేస్తే సరిపోయేది. హడ్సన్ అంతగా వ్యాపించడానికి ఈ తేలికే పెద్ద కారణమని నా నమ్మకం.

కానీ బృందాలు పెరిగాయి. ఈ టెస్టు మూడు నెలల్లో ఎన్నిసార్లు తప్పింది, ఏ మెషీన్ మీద తప్పింది అని అడగడం మొదలైంది. అలాంటి ప్రశ్నకు వేల ఫైళ్లు తిరగేయడం దండగ. డేటాబేస్ అయితే ఒక్క క్వెరీతో చెబుతుంది. 2006లో జెట్‌బ్రెయిన్స్ తెచ్చిన టీమ్‌సిటీ ఈ దారి ఎంచుకుంది. బిల్డ్ చరిత్ర, యూజర్లు, టెస్టు ఫలితాలు డేటాబేస్‌లోకి వెళ్లాయి. ప్రాజెక్టుల సెట్టింగులు, లాగ్‌లు, ఆర్టిఫాక్టులు మాత్రం డేటా డైరెక్టరీలో ఫైళ్లుగానే ఉండిపోయాయి.

ఇక్కడే ఇన్‌స్టలేషన్ రెండు పనులైంది. ముందు రూట్ కాని వేరే యూజర్ ఖాతా తెరవాలి. సర్వర్‌ను విప్పాలి. డేటాబేస్ సృష్టించి, దానికి సొంత యూజర్‌ను, హక్కులను ఇవ్వాలి. ఆ డేటాబేస్‌కు తగిన జేడీబీసీ డ్రైవర్‌ను డేటా డైరెక్టరీలో పెట్టాలి. అప్పుడే 8111 పోర్టులో తొలి పేజీ తెరవాలి. వీటిని తప్పించుకునే మార్గం కూడా అందులోనే ఉంది: లోపలే వచ్చే హెచ్ఎస్‌క్యూఎల్‌డీబీ. అది పరీక్షించి చూసుకోవడానికేనని తయారీదారులే చెబుతున్నారు. ప్రయోగంగా మొదలైన సర్వర్ మెల్లగా బృందానికంతా ఆధారమైపోతే, సర్వర్ కూలినప్పుడు ఆ డేటా పాడయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి మొదటి రోజే బయటి డేటాబేస్ పెట్టడం మంచిది.

ఏ డేటాబేస్ అన్నదీ తేలిక ప్రశ్న కాదు. 2018లో 8.0 వచ్చేదాకా మైఎస్‌క్యూఎల్‌లో ఏమీ చెప్పకపోతే లాటిన్1 అక్షరసముదాయమే దక్కేది. అందులో తెలుగు కమిట్ సందేశం ప్రశ్నార్థకాల వరుసగా మిగిలేది. మైఎస్‌క్యూఎల్ యూటీఎఫ్8 అక్షరానికి మూడు బైట్లే ఇచ్చేది. తెలుగు కోడ్‌పాయింట్లకు మూడే కావాలి కనుక మన లిపి ఇమిడేది, నాలుగు బైట్ల ఎమోజీలు ఇమిడేవి కావు. అందుకే డేటాబేస్ సృష్టించే కమాండులో అక్షరసముదాయాన్ని రాయడం అలంకారం కాదు. పోస్ట్‌గ్రెస్‌ది మరో చిక్కు. 2021లో వచ్చిన 14వ వెర్షన్ నుంచి పాస్‌వర్డ్‌కు స్క్రామ్ పద్ధతే డిఫాల్ట్. పాత జేడీబీసీ డ్రైవర్‌కు అది తెలియదు, గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

2010లో ఒరాకిల్ సన్‌ను కొనడంతో, అప్పటికే సన్ దగ్గరున్న హడ్సన్, మైఎస్‌క్యూఎల్ రెండూ ఒరాకిల్ చేతికి వెళ్లాయి. రెండింటి వెనకా ఉన్న సముదాయాలు స్వతంత్రంగా నడవాలనుకున్నాయి. కొనుగోలు పూర్తికాకముందే, 2009లో, మరియాడీబీ చీలింది. 2011లో హడ్సన్ డెవలపర్లు ఓటు వేసి జెంకిన్స్ అన్న పేరు పెట్టుకున్నారు. జెంకిన్స్ మాత్రం ఎక్స్ఎంఎల్ ఫైళ్లను వదల్లేదు. గిట్‌ల్యాబ్ ఎదురు దిక్కుకు వెళ్లింది: 2015లో 8.0తో కంటిన్యువస్ ఇంటిగ్రేషన్‌ను ప్రధాన ఉత్పత్తిలోనే కలిపేసింది, 2019లో 12.1తో మైఎస్‌క్యూఎల్‌ను పూర్తిగా వదిలి పోస్ట్‌గ్రెస్ ఒక్కదాన్నే ఉంచింది. గ్రూపుల్లో గ్రూపులు పెట్టే సౌకర్యాన్ని మైఎస్‌క్యూఎల్ మీద ఇవ్వలేకపోవడం అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి.

2013లో డాకర్ వచ్చాక సర్వర్‌కొక కంటైనర్, డేటాబేస్‌కొక కంటైనర్, రెండింటినీ కలిపే ఒక ఫైలు చాలు. ఇనిట్ స్క్రిప్టులు, సిస్టమ్‌డీ యూనిట్లు రాసే బాధ చాలావరకు తప్పింది. అయినా డేటాకు పేరున్న వాల్యూమ్ ఇవ్వకపోతే, కంటైనర్ తీసేసి కొత్తది పెట్టిన రోజు సర్వర్ ఖాళీగా లేస్తుంది. పోస్ట్‌గ్రెస్ పెద్ద వెర్షన్ మారితే పాత డేటా ఫోల్డర్‌ను కొత్తది నేరుగా తెరవదు, డంప్ తీసి ఎక్కించుకోవాలి లేదా పీజీ అప్‌గ్రేడ్ నడపాలి. బ్యాకప్ కూడా డేటాబేస్‌దీ డేటా డైరెక్టరీదీ ఒకే సమయానికి చెందినదై ఉండాలి. ఒకటి నిన్నటిది, ఇంకొకటి ఇవాళ్టిది అయితే డేటాబేస్ చూపించే బిల్డ్‌కు డిస్కులో లాగ్ ఉండదు.