ఫౌస్ట్ గాథ – సాహిత్య రూపాలు

చదువుల మీద విసుగెత్తిన పండితుడొకడు సైతానుకు ఆత్మను రాసిచ్చి, బదులుగా విద్యలూ భోగాలూ పొందే జర్మన్ కథ ఇది. మూలపురుషుడు కల్పితుడు కాడు. 16వ శతాబ్ది తొలినాళ్లలో ఊరూరా తిరుగుతూ జోస్యం చెప్పిన ఫౌస్ట్ అనేవాణ్ణి మఠాధిపతి ట్రిథేమియస్ 1507 నాటి ఉత్తరంలో వట్టి మోసగాడని దుమ్మెత్తిపోశాడు.

సైతానుతో బేరం అంతకంటే పాతది. పోయిన పదవి కోసం పత్రం రాసిచ్చిన అదానా థియోఫిలస్ కథను 13వ శతాబ్దిలో ఫ్రెంచి కవి రుటెబఫ్ నాటకం చేశాడు. థియోఫిలస్ పశ్చాత్తాపపడి ఏడిస్తే మేరీమాత ఆ పత్రాన్ని సైతాను చేతుల్లోంచి లాక్కొస్తుంది. సంస్కరణోద్యమం తర్వాత లూథరన్ జర్మనీలో ఇలా అడ్డుపడి కాపాడేవారు లేకుండా పోయారు.

యోహాన్ స్పీస్ 1587లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చువేసిన, రచయిత పేరులేని పుస్తకంలో ఆ కాఠిన్యం కనిపిస్తుంది. గడువు 24 ఏళ్లు, సంతకం నెత్తురుతో. ఫౌస్ట్ పెళ్లాడతానంటే సైతాను ససేమిరా అంటాడు, పెళ్లి దేవుడి ఏర్పాటు కనుక. గడువు తీరిన మర్నాడు శిష్యులు వచ్చి చూస్తే గది గోడలకు మెదడు అంటుకుని ఉంటుంది, కళ్లూ పళ్లూ చెల్లాచెదురుగా పడి ఉంటాయి, శవం బయట పెంటకుప్ప మీద దొరుకుతుంది. చదివేవారిని భయపెట్టడానికే రాసినా, బండెడు గడ్డి మింగేయడం వంటి గారడీలు పుస్తకం నిండా ఉన్నాయి. అది అమ్ముడుపోవడానికి భయం ఒక్కటే కారణమంటే నమ్మలేం.

దాని ఇంగ్లీషు అనువాదం ఆధారంగా క్రిస్టఫర్ మార్లో నాటకం రాశాడు. ఆయన 1593లో చనిపోయాక 1604లో ఒక పాఠం, 1616లో ఇంకా పెద్ద పాఠం అచ్చయ్యాయి. రెండోదాంట్లో తెగిపడిన అవయవాలను శిష్యులు చూసే రంగం ఉంది, మొదటిదాంట్లో లేదు. గడియారం పదకొండు కొట్టినప్పటి నుంచి ఫౌస్టస్ ఒంటరిగా గిలగిల్లాడే చివరి గంటే నాటకానికి ప్రాణం. నడుమ పోప్ దగ్గర చేసే కోతిచేష్టలు దానిముందు తేలిపోతాయి.

ఫౌస్ట్‌ను కాపాడాలని 18వ శతాబ్దిలో లెస్సింగ్ సంకల్పించాడు గానీ, మిగిలినవి తునకలే. ఆ పని గోథే చేశాడు. మొదటి భాగం 1808లో, రెండోది ఆయన పోయాక 1832లో వెలువడ్డాయి. ఇక్కడ 24 ఏళ్ల గడువు లేదు, పందెం ఉంది. ఏ క్షణాన్నయినా ‘ఇక్కడే ఆగిపో’ అని ఫౌస్ట్ బతిమాలితే ఓడినట్టు. సంతకం కావాలని ఇందులోని సైతాను మెఫిస్టో అడిగితే, నోటిమాట చాలదా అని ఫౌస్ట్ ఎగతాళి చేస్తాడు. ముసలితనంలో సముద్రాన్ని వెనక్కి నెట్టి నేల సాధిస్తాడు. దారికి అడ్డమైన వృద్ధ దంపతులు అతని మనుషుల చేతుల్లో బలైపోతారు. చూపు పోయినవాడు పారల చప్పుడు విని కాలువ తవ్వుతున్నారని మురిసిపోతాడు. నిజానికి తవ్వుతున్నది అతని గొయ్యి. ఆ మురిపెంలో ఆ మాట అననే అంటాడు, కాకపోతే అలాంటి క్షణం వస్తే అనవచ్చు అన్నట్టుగా. పందెం ఎవరు గెలిచారన్న వాదం అందుకే తెగదు. దేవదూతలు గులాబీలు చల్లుతూ ఆత్మను ఎత్తుకుపోతే, ఎవరితో మొరపెట్టుకోవాలో తెలియక మెఫిస్టో వాపోతాడు. ఫౌస్ట్ వల్ల బిడ్డను చంపి మరణశిక్షకు గురైన గ్రెట్‌షెన్ ఆత్మే అక్కడ అతని తరఫున వేడుకుంటుంది. ఆ ముసలి దంపతుల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. ఈ విముక్తి అంత తేలిగ్గా మింగుడుపడదు.

థామస్ మన్ 1947 నవల ‘డాక్టర్ ఫౌస్టస్’లో 24 ఏళ్ల గడువు తిరిగొస్తుంది. స్వరకర్త లెవర్‌క్యూన్‌కు సైతాను ప్రతిభనిచ్చి, ఎవరినీ ప్రేమించకూడదని షరతు పెడతాడు. వచ్చినవాడు నిజంగా సైతానో, సిఫిలిస్ పుట్టించిన భ్రమో మన్ తేల్చడు. లెవర్‌క్యూన్ కుప్పకూలడానికి పక్కనే, నాజీ జర్మనీ పతనం కథకుడి కలం కింద సాగుతుంటుంది. పన్నెండు స్వరాల పద్ధతిని ఆ పాత్రకు అంటగట్టడంపై దాని సృష్టికర్త షోన్‌బర్గ్ మండిపడ్డాడు. అది ఆయన సొత్తేనని మన్ తర్వాతి ముద్రణల్లో ఒక గమనిక చేర్చాల్సి వచ్చింది.