ఆటస్థలంలో ఫాదర్‌గారు

ఈ విద్యా సంవత్సరం మన బడిలో ఆఫీసు పక్కనున్న పాత స్టోరు గదికి సున్నం వేయించి, మూడు కుర్చీలు, ఒక ఫ్యాను పెట్టి, తలుపు మీద 'కౌన్సెలర్' అని బోర్డు తగిలించారు. స్వర్ణోత్సవాల చందాల్లో కొంత ఈ గదికి వెళ్ళింది. అందుకని దీని గురించి నాలుగు మాటలు రాయమని సంచిక కమిటీ వారు నాకు పురమాయించారు. ముప్పై ఏళ్ళు కాలేజీలో చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి. గదికి ఎంత ఖర్చయిందన్నది కోశాధికారి గారు చూసుకుంటారు. ఈ గది రాకముందు ఈ పని ఎవరు చేసేవారు, ఎలా చేసేవారు, ఎక్కడ చేయలేకపోయారు అన్నవే నాకు కావలసిన సంగతులు.

ఇప్పటి సర్క్యులర్లలో 'వెల్‌బీయింగ్' అంటున్న దానికి మా అమ్మల తరం వాడిన మాట 'బాగోగులు'. హాస్టల్లో నన్ను దింపి వెళుతూ మా అమ్మ ఫాదర్‌గారికి దణ్ణం పెట్టి, "మా వాడి బాగోగులు మీవే బాబూ" అంది. చదువు గురించి ఆమె ఒక్క మాట అడగలేదు. ఆ రోజుల్లో తల్లిదండ్రులు కథోలిక బడికి పిల్లల్ని పంపింది ఇంగ్లీషు కోసమూ, క్రమశిక్షణ కోసమూ అని అందరూ అంటారు. నిజమే. అయితే ఆ ఫాదర్లకూ సిస్టర్లకూ పిల్లల బాగోగుల గురించి ఒక పాత ఆలోచన ఉండేది. దాని మూలం తెలుసుకోవాలంటే కొంచెం దూరం వెళ్ళాలి.

మన ఉత్తర కోస్తాకు ఆ ఆలోచన వచ్చిన దారి విచిత్రమైనది. ఆల్ప్స్ కొండల్లో ఆనసీ అనే ఊరుంది. పునీత ఫ్రాన్సిస్ సలేసు వారు (1567-1622) జెనీవా పీఠాధిపతిగా ఉంటూ నివసించిన ఊరు అది. కోపంతో సాధించలేనిది మెత్తదనంతో సాధించవచ్చునని నమ్మి, అలాగే బతికిన మనిషి. ఆయన పేరున ఫాదర్ పీటర్ మెర్మియే 1838లో ఆనసీలో ఒక గురువుల సంస్థ పెట్టారు. ఆ సంస్థ వారు, అంటే మనం ఫ్రాన్సలియన్లు అనే వారు, 1846 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో దిగారు. మరుసటి ఏడే అక్కడ సెయింట్ అలోషియస్ బడి మొదలైంది. 1849లో ఆనసీ నుంచే సెయింట్ జోసఫ్ సిస్టర్లు యానాం చేరుకున్నారు.

ఆనాడు ఆనసీ ఉన్న సవోయ్ ప్రాంతానికి రాజధాని టురిన్. 1860లో అది ఫ్రాన్సుకు పోయేదాకా రెండూ ఒకే రాజ్యంలోవి. ఫ్రాన్సలియన్లు విశాఖలో దిగిన రెండు నెలలకు, 1846 ఈస్టర్ పండుగనాడు, టురిన్ శివార్లలోని వాల్డొక్కో అనే చోట ఒక యువ గురువు అద్దెకు తీసుకున్న షెడ్డులో తన కుర్రాళ్ళను చేర్చాడు. ఆయనే డాన్ బోస్కో. గురువుగా అభిషేకమైన కొత్తలో ఆయన టురిన్ జైళ్ళకు వెళ్ళి, అక్కడ మగ్గుతున్న చిన్నపిల్లల్ని చూశారు. వీళ్ళు బయట ఉన్నప్పుడే ఒక స్నేహితుడు దొరికి ఉంటే ఇక్కడికి రారు కదా అనిపించింది ఆయనకు. 1859లో తాను స్థాపించిన సంస్థకు ఆయన కూడా సలేసు వారి పేరే పెట్టారు. అలా ఒకే పునీతుడి మెత్తదనం ఒక దారిన విశాఖ ఒడ్డుకూ, మరో దారిన వాల్డొక్కో షెడ్డుకూ చేరింది. రెండో దారి మన దేశానికి ఆలస్యంగా, 1906లో తంజావూరు మీదుగా వచ్చింది.

1877లో బోస్కో తన పద్ధతిని కొద్ది పుటల్లో రాసిపెట్టారు. పిల్లల్ని పెంచడానికి రెండు పద్ధతులున్నాయి అన్నారు. నియమం చెప్పి, తప్పు చేసేదాకా కనిపెట్టి, శిక్షించడం ఒకటి. తప్పు చేసే అవసరమే రాకుండా వాళ్ళ మధ్య ఉండటం రెండోది. ఆ రెండో దానికి ఆయన ఆధారాలు మూడు: బుద్ధికి నచ్చజెప్పడం, దైవభక్తి, వాత్సల్యం. పరిగెత్తనివ్వాలి, అరవనివ్వాలి, గెంతనివ్వాలి. పాపసంకీర్తనానికి రమ్మని బలవంతం చేయకూడదు. రాత్రి ప్రార్థన తర్వాత పెద్దాయన రెండు మూడు నిమిషాలు మంచి మాట చెప్పి పడుకోమనాలి. కొట్టడం అసలు కూడదు. అది చట్టవిరుద్ధం, పిల్లవాడికి కసి పుట్టిస్తుంది, కొట్టినవాణ్ణి దిగజారుస్తుంది అని ఆయన వాదన. 1877లో అన్న మాట ఇది!

ఏడేళ్ళ తర్వాత, 1884 మేలో రోమ్ నుంచి తన బడికి రాసిన ఉత్తరం నాకు ఆ పుస్తకం కన్నా విలువైనదిగా తోస్తుంది. అందులో ఒక కల చెబుతారు. పాత రోజుల ఆటస్థలం కనిపిస్తుంది: గురువులూ పిల్లలూ కలిసి ఆడుతున్నారు. తర్వాత ఇప్పటి ఆటస్థలం: పిల్లలు మూలల్లో ముభావంగా ఉన్నారు, గురువులు తమలో తాము మాట్లాడుకుంటూ నడుస్తున్నారు. గురువులు పిల్లల కోసం ప్రాణం పెట్టి పనిచేస్తూనే ఉన్నారు. వాళ్ళకు ప్రేమ లేదని కాదు. ఆ ప్రేమ పిల్లలకు తెలియడం లేదు, అదీ జబ్బు. వాల్డొక్కో అప్పటికి పెద్ద సంస్థ అయిపోయింది. వర్క్‌షాపులు, తరగతులు, పరీక్షలు అన్నీ పెరిగాయి. పెరిగిన ప్రతి బడికీ ఈ చిక్కు వస్తుందేమో.

మన ఫాదర్లు బోస్కో సంస్థ వారు కారు, మేత్రాసన గురువులు. ఈ పుస్తకాలు వాళ్ళు చదివారో లేదో గానీ, నేను 1968లో ఆరో తరగతిలో చేరేటప్పటికి హాస్టల్ చూసుకునే ఫాదర్‌గారు సాయంత్రం నాలుగున్నరకు అంగీ నడుముకు దోపి వాలీబాల్ కోర్టులో ఉండేవారు. ఆట బాగా వచ్చేది కాదు. సర్వీసు ఎప్పుడూ నెట్టుకు తగిలేది, మేము నవ్వేవాళ్ళం. ఆ నవ్వుల మధ్యే ఎవడు ఆడటం లేదో, ఎవడు గట్టు మీద కూర్చున్నాడో ఆయన చూసుకునేవారు. ఆట అయ్యాక కుళాయి దగ్గర వాడి పక్కన చేరి, "ఇంటి దగ్గర నుంచి ఉత్తరం వచ్చిందా రా?" అని మాత్రం అడిగేవారు. సగం సంగతులు ఆ ఒక్క ప్రశ్నకే బయటపడేవి.

మా బ్యాచిలో ఒకడు పదో తరగతి తప్పాడు. పేరు రాయను, ఈ సంచిక చదువుతాడు. ఫలితాలు పేపర్లో వచ్చిన రోజు ఇంటికి వెళ్ళడానికి మొహం చెల్లక బస్టాండులో కూర్చుండిపోయాడు. ఫాదర్‌గారు సైకిలు మీద వెళ్ళి తీసుకొచ్చారు. సెప్టెంబరు పరీక్షదాకా హాస్టల్లోనే ఉంచుకుని, పగలు లైబ్రరీ పుస్తకాలకు అట్టలు వేసే పని అప్పగించారు. తప్పినవాడిగా కూర్చోబెట్టకుండా పనివాడిగా నిలబెట్టారు. వాడు సెప్టెంబరులో గట్టెక్కి, తపాలా శాఖలో చేరి, పోస్టుమాస్టరుగా రిటైరయ్యాడు.

ఇంతవరకే రాస్తే అబద్ధం చెప్పినట్టే. అదే బడిలో, అదే ఏళ్ళలో, బెత్తం కూడా ఉండేది. ఎనిమిదో తరగతిలో నా బెంచీలో కూర్చున్న జాలరిపేట కుర్రాడు ఒకడు, లెక్క తప్పినందుకు అరచెయ్యి చిట్లేలా దెబ్బలు తిన్నాడు. మర్నాటి నుంచి బడికి రాలేదు. తండ్రితో వేటకు వెళ్ళిపోయాడని తర్వాత తెలిసింది. 'దెబ్బలు తిన్నాం కాబట్టే బాగుపడ్డాం' అని మన సమావేశాల్లో ప్రతి ఏడూ ఎవరో ఒకరు మైకు పట్టుకుని అంటారు, చప్పట్లు పడతాయి. ఆ మైకు దగ్గరికి వచ్చేది దెబ్బలు తిని నిలిచిన వాళ్ళు. వెళ్ళిపోయిన వాళ్ళకు ఆహ్వానమే వెళ్ళదు. మన డైరెక్టరీలో 1973 బ్యాచి కింద పదో తరగతి రాసిన వాళ్ళ పేర్లే ఉన్నాయి, ఆరో తరగతిలో మాతో కూర్చున్న వాళ్ళ పేర్లన్నీ లేవు. బడి చరిత్ర రాసేటప్పుడు హాజరు పట్టీలో మధ్యలో ఆగిపోయిన పేర్లను కూడా చదవాలని నా అభిప్రాయం.

చట్టం నెమ్మదిగా వచ్చింది. 2002లో మన రాష్ట్ర ప్రభుత్వం బడుల్లో దెబ్బలను నిషేధించింది. 2009 విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షనులో శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపును కూడా చేర్చింది. అయితే 2014లో సుప్రీంకోర్టు మైనారిటీ బడులకు ఆ చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు మైనారిటీల హక్కు గురించినది, బెత్తానికి ఇచ్చిన అనుమతి కాదు. మన బడులకు బోస్కో మాట ఉండగా పదిహేడో సెక్షను కోసం ఎదురుచూడవలసిన అవసరమూ లేదు.

2012లో వచ్చిన పోక్సో చట్టం మరో సంగతి నేర్పింది. పిల్లలతో సన్నిహితంగా ఉండే పెద్దవాళ్ళందరూ మంచివాళ్ళు కారు. ఇది కథోలిక సంస్థలు ప్రపంచమంతటా సిగ్గుతో తెలుసుకున్న నిజం. పిల్లవాడి మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోవడం ఈ చట్టం కింద నేరం. పాతకాలపు సాన్నిహిత్యాన్ని పొగిడేవాళ్ళం ఒకటి గుర్తుంచుకోవాలి. మా ఫాదర్‌గారు ఆ ప్రశ్న అడిగింది కుళాయి దగ్గర, పదిమంది కళ్ళముందు.

ఇక ఈ గదికి దగ్గరి కారణం. 2023లో విశాఖలో నీట్ కోచింగు తీసుకుంటున్న పదిహేడేళ్ళ అమ్మాయి చనిపోయింది. ఆమె తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది గానీ అంతకు మించి గానీ పిల్లలున్న చోట అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి పిల్లల్ని సెక్షన్లుగా విడగొట్టకూడదు, అందరి ముందూ అవమానించకూడదు. టీచర్లకు ఏటా రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. టెలీ మానస్ వంటి సహాయ నంబర్లు అందరికీ కనిపించేలా రాసిపెట్టాలి. టెలీ మానస్ నంబరు 14416. మన బడి గోడ మీద ఇప్పుడు ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు.

కౌన్సెలరు అమ్మాయి చదువుకున్న మనిషి, ఓపిక గలది. మా ఫాదర్‌గారికి తెలియనివి ఆమెకు తెలుసు. దిగులుకూ జబ్బుకూ తేడా, ఎప్పుడు డాక్టరు దగ్గరికి పంపాలన్నది ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. ప్రార్థన చేయమని చెప్పి ఊరుకున్న సందర్భాలూ ఉన్నాయి. నేను ఆమెను ఒక్కటే అడిగాను: పిల్లలు వాళ్ళంతట వాళ్ళు వస్తారా? "చాలావరకు టీచర్లు చీటీ రాసి పంపుతారండీ. చీటీ పట్టుకుని వరండా అంతా నడిచి రావాలి కదా, అందరూ చూస్తారు" అంది. ఆటల పీరియడ్‌లో తనే గ్రౌండుకు వెళితే బాగుంటుందని ఆమెకూ ఉంది. కానీ పదో తరగతికి ఆటల పీరియడ్ తీసేసి స్లిప్ టెస్టు పెట్టి చాలా ఏళ్ళయింది.

స్వర్ణోత్సవ కమిటీ తరఫున మేము ముగ్గురం హెడ్‌మాస్టర్ ఫాదర్‌గారిని కలిసి, పదో తరగతికి వారానికి రెండు ఆటల పీరియడ్‌లు తిరిగి ఇవ్వమనీ, వంతుల వారీగా ఒక్కో టీచరు గ్రౌండులో ఉండేలా చూడమనీ రాతపూర్వకంగా అడిగాం. తల్లిదండ్రులు ఒప్పుకోరేమోనని ఆయన సందేహం. జూన్‌లో పేరెంట్స్ మీటింగు పెడతాననీ, అప్పుడు మన పూర్వ విద్యార్థులే వచ్చి ఆ మాట చెప్పాలనీ అన్నారు. ఊళ్ళో ఉన్నవాళ్ళు దయచేసి రండి. కొత్త వాలీబాల్ నెట్ డబ్బులు మా 1973 బ్యాచి కట్టేసింది.